కామెడీ ఆల్బమ్‌లో ఎన్ని పాటలుండాలి, ఎంతసేపుండాలి?

1953 జనవరిలో బోస్టన్‌లో టామ్ లేరర్ అనే లెక్కల విద్యార్థి ఒక స్టూడియోకి వెళ్ళి, పియానో ముందు కూర్చుని, ఒకే సిట్టింగ్‌లో తన కామెడీ పాటలన్నీ పాడేసి బయటికొచ్చారు. అయిన ఖర్చు 15 డాలర్లు. మొత్తం 12 పాటలు, అన్నీ కలిపి సుమారు 22 నిమిషాలు. ముందుగా 400 కాపీలు కొట్టించి తనే అమ్ముకున్నారు.

అక్కడినుంచి అరవై ఏళ్ళు దాటి 2014 జులైకి వస్తే, పేరడీ పాటలకి పేరున్న అమెరికన్ గాయకుడు 'వియర్డ్ ఆల్' యాంకోవిక్ ఆల్బమ్ 'మాండేటరీ ఫన్' అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానానికి ఎక్కింది. 1963లో అలన్ షెర్మన్ తర్వాత ఒక కామెడీ ఆల్బమ్‌కి అక్కడ చోటు దొరకడం మళ్ళీ అదే. అందులోనూ 12 పాటలే. కానీ నిడివి మాత్రం లేరర్ రికార్డుకి దాదాపు రెట్టింపు.

అంకె ఒకటే, నిడివి మాత్రం ఎక్కడా పొంతన లేదు. ఈ రెంటినీ మనం ఒకే ప్రశ్నగా అడుగుతుంటాం గానీ, నన్నడిగితే ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు. ఎన్ని పాటలు అన్నది చాలావరకు బయటినుంచి వస్తుంది, అంటే డిస్కు కొలత, కంపెనీ కాంట్రాక్టు, రాయల్టీ లెక్క, చార్టుల నియమాలు. ఎంతసేపు అన్నది మాత్రం లోపలినుంచి, జోకులోంచే రావాలి. కామెడీ పాటలు చేసేవాళ్ళకి వచ్చే తలనొప్పంతా ఈ రెండూ ఒకదానితో ఒకటి కుదరకపోవడం వల్లే.

ముందు బయటి సంగతి చూద్దాం. 78 స్పీడు రికార్డుల కాలంలో పది అంగుళాల డిస్కు ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లరే. అలాంటి డిస్కుల్ని ఫొటో ఆల్బమ్‌లాగా అట్టల పుస్తకంలో పెట్టి అమ్మేవాళ్ళు, ఆల్బమ్ అనే పేరు అక్కడినుంచే వచ్చింది. 1948లో కొలంబియా కంపెనీ ఎల్‌పీ (లాంగ్ ప్లే రికార్డు) తెచ్చాక పన్నెండు అంగుళాల డిస్కు వైపుకి ఇరవై నిమిషాలకి పైగా పట్టడం మొదలైంది. ఇంకా ఎక్కువ ఎక్కించొచ్చు, కాకపోతే గాడులు దగ్గరదగ్గరగా గీయాలి, గాడులు దగ్గరైతే శబ్దం తగ్గించాలి. మామూలు పాటకి ఇది కాస్త నష్టం. కామెడీ పాటకి పెద్ద నష్టం, ఎందుకంటే అక్కడ ఒక్క మాట వినపడకపోతే జోకు మొత్తం పోతుంది. పైగా డిస్కు మధ్యకి వెళ్ళేకొద్దీ స, ష లాంటి అక్షరాలు గరగరలాడతాయి. మాటలు దట్టంగా ఉన్న పాటని వైపు చివర్లో పెట్టడం అందుకే తెలివైన పని కాదు.

(డిస్కు కొలతతోనే జోకు వేసినవాళ్ళూ ఉన్నారు. మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ కామెడీ బృందం 1973లో తెచ్చిన రికార్డులో ఒక వైపు రెండు గాడులు పక్కపక్కన చెక్కించారు. ముల్లు ఏ గాడిలో పడితే ఆ కార్యక్రమం వినిపిస్తుంది. కొన్నవాళ్ళకి ఇదేమీ ముందుగా చెప్పలేదు.)

1982లో సీడీ వచ్చి 74 నిమిషాలు చేతికిచ్చింది. చోటు రెట్టింపుకి దగ్గరగా పెరిగినప్పుడు పాటలూ పెరగాలి కదా? చాలా జానర్లలో పెరిగాయి కూడా. యాంకోవిక్ మాత్రం 1983 నుంచి 2014 వరకు చేసిన 14 స్టూడియో ఆల్బమ్‌లలో దాదాపుగా 11, 12 పాటల దగ్గరే ఉండిపోయారు. దీని వెనక చెవికి సంబంధించిన కారణం ఉంది, దానికి తర్వాత వస్తాను. జేబుకి సంబంధించిన కారణం ఇంకోటి ఉంటుంది, దాన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

అమెరికాలో అమ్ముడైన ప్రతి కాపీ మీద, అందులోని ప్రతి పాటకీ, రాసినవాళ్ళకి మెకానికల్ రాయల్టీ అని ఒకటి వెళ్ళాలి. 2006 నుంచి 2022 వరకు చట్టం పెట్టిన రేటు పాటకి 9.1 సెంట్లు, అయిదు నిమిషాలు దాటిన పాటకైతే నిమిషానికి 1.75 సెంట్లు. ఈ లెక్కన 12 మామూలు పాటలున్న ఆల్బమ్‌కి కాపీకి 109.2 సెంట్లు. కంపెనీలు ఇంత ఇవ్వడానికి ఇష్టపడవు కాబట్టి గాయకుడి కాంట్రాక్టులో ఒక షరతు పెడతాయి. దాని పేరు కంట్రోల్డ్ కాంపొజిషన్. మీ పాటలకి రేటులో 75 శాతమే ఇస్తాం, అదీ ఆల్బమ్ మొత్తానికి పది పాటల వరకే ఇస్తాం అంటాయి (కొన్ని కాంట్రాక్టుల్లో 12 దాకా ఉంటుంది). అంటే కాపీకి గరిష్ఠంగా 68.25 సెంట్లు. మీరు 12 పెట్టినా 20 పెట్టినా అంతే.

సొంత పాటలు మాత్రమే పాడేవాళ్ళకి ఇది చిరాకు వరకే. పేరడీలు చేసేవాళ్ళకి అసలు దెబ్బ ఇక్కడే. పేరడీలో బాణీ వేరేవాళ్ళది. ఆ బాణీ కట్టినవాళ్ళు మీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టలేదు, వాళ్ళకి 75 శాతం షరతు వర్తించదు, మొత్తం రేటు ఇవ్వాల్సిందే. ఉదాహరణకి 12 పాటల్లో 5 పేరడీలు ఉన్నాయనుకోండి, వాటి రాయల్టీ అంతా అసలు రచయితలే అడిగారనుకోండి, 45.5 సెంట్లు అటు పోయాయి. మిగిలింది 22.75 సెంట్లు, ఏడు ట్రాకులకి. ఆ ఏడింటిలో ఒకటి వేరేవాళ్ళ పాటలు కలిపి కట్టిన మెడ్లీ అయితే అందులో ఉన్న ఒక్కొక్క పాటకీ విడిగా అనుమతి, విడిగా వాటా బేరం. దానికి 9.1 సెంట్లే పోయాయనుకున్నా, సొంతంగా రాసిన ఆరు పాటలకి మిగిలేది 13.65 సెంట్లు. ఇంకో రెండు పేరడీలు ఎక్కించారా, పరిమితి దాటిపోయి, దాటిన డబ్బు మీ సొంత వాటాలోంచే కోత పడుతుంది. పదమూడో పాట వల్ల ఆదాయం రాకపోగా ఎదురు కట్టాల్సి వస్తుందన్నమాట.

ఊరికే లాగేసుకోవచ్చు కదా, పేరడీకి చట్టంలో వెసులుబాటు ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. 1994లో అమెరికా సుప్రీంకోర్టు ఒక ర్యాప్ బృందం కేసులో, వ్యాపారం కోసం చేసిన పేరడీ కూడా ఫెయిర్ యూజ్ కిందికి రావచ్చని చెప్పిన మాట నిజమే. కానీ 'రావచ్చు' అనేదాని మీద ఆధారపడి ఆల్బమ్ నడపలేం, కోర్టుకి వెళ్ళాకే తేలుతుంది. యాంకోవిక్ అయితే మొదటినుంచీ అసలు కళాకారుల్ని అడిగి, ఒప్పుకుంటేనే విడుదల చేసే పద్ధతి పెట్టుకున్నారు. ఆయన ఆల్బమ్‌లలో సుమారు సగం పేరడీలు, సగం సొంత పాటలు ఉంటాయి. ఆ పాళ్ళకి కారణం హాస్యం ఒక్కటే అని నేననుకోను, పై లెక్క చూశాక మీకూ అలాగే అనిపించొచ్చు.

స్ట్రీమింగ్ వచ్చాక ఈ లెక్కంతా తలకిందులైంది. స్పాటిఫైలో ఎవరైనా 30 సెకన్లు వింటే ఒక ప్లే కింద లెక్క. అర నిమిషం దాటిన పాటకీ, పదకొండు నిమిషాల పాటకీ ఒక ప్లేకి వచ్చేది ఒకటే, నిమిషాల్ని ఎవరూ లెక్కపెట్టరు. అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం 2016 నుంచి గోల్డ్, ప్లాటినం ఇవ్వడానికి 1,500 స్ట్రీములని ఒక ఆల్బమ్ అమ్మకంతో సమానంగా చూస్తోంది. కాబట్టి ఎక్కువ ట్రాకులు, ఒక్కొక్కటీ పొట్టిగా, అన్నది లాభసాటి దారి అయింది. కామెడీకి పొట్టి పాట సహజం కాబట్టి ఇది మనకి కలిసొచ్చిందని అనుకునేలోపే ఇంకో నియమం వచ్చింది. 2024 నుంచి స్పాటిఫైలో ఏ ట్రాకైనా గడిచిన 12 నెలల్లో 1,000 ప్లేలు దాటితేనే డబ్బులు. పాటల మధ్య పెట్టే చిన్న మాటల ముక్కలు, అంటే స్కిట్లు, ఆ గీత దాటడం చిన్న కళాకారులకి కష్టమే.

ఇంతవరకు బయటి ఒత్తిళ్ళు. ఇవన్నీ పాటల అంకెని అటూ ఇటూ లాగుతాయి. ఇక జోకు సంగతి.

ప్రేమ పాట వందోసారి విన్నా మనసుకి హాయిగానే ఉంటుంది. జోకు రెండోసారికే సగం చప్పబడుతుంది. కామెడీ పాటకి ప్రాణం పోసేది ఈ భయమే, తీసేదీ ఇదే. ఒక మంచి కామెడీ పాట దగ్గరినుంచి గమనించండి. మొదటి చరణంలో, లేదా మొదటి పల్లవి దగ్గర, ఆలోచన బయటపడుతుంది, పెద్ద నవ్వు అక్కడే వస్తుంది. రెండో చరణం ఆ ఆలోచనని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళాలి. మూడో చరణం దాన్ని ఎవరూ ఊహించని పక్కకి తిప్పాలి. రెండో చరణంలో మెట్టు ఎక్కలేకపోతే పాట అక్కడితో అయిపోయినట్టే, ఆ తర్వాత వచ్చేదంతా సాగదీతే. లేరర్ మూలకాల పేర్లన్నీ ఒక పాత ఆపెరెట్టా బాణీలో గుక్కతిప్పుకోకుండా పాడిన పాట నిమిషంన్నర లోపే ముగిసిపోతుంది. ఆ జోకు ఒకే ఒక్క విన్యాసం, దానికి రెండో మెట్టు లేదు, ఆ సంగతి తెలుసుకుని ఆయన ఆగిపోయారు. 22 నిమిషాల్లో 12 పాటలు పట్టింది కూడా ఇలాంటి పొదుపు వల్లే.

పేరడీకైతే ఇక్కడ ఇంకో చిక్కుంది. నిడివి అసలు పాటది, జోకు మీది. డాన్ మెక్‌లీన్ 'అమెరికన్ పై' ఎనిమిదిన్నర నిమిషాల పాట. 1999లో యాంకోవిక్ ఆ బాణీలో స్టార్ వార్స్ సినిమా కథ మొత్తం చెప్పినప్పుడు పాటని అయిదున్నర నిమిషాలకి దించేశారు. అసలు బాణీలో ఉన్న చరణాలన్నీ నింపాలని పట్టుబట్టి ఉంటే కథ అయిపోయాక కూడా పాట నడుస్తూ ఉండేది. గుర్తుపట్టడానికి సరిపడా అసలు పాట ఉండాలి, జోకు మోయగలిగినంతే ఉండాలి, ఈ రెంటి మధ్యే కత్తెర పడాలి. నా అభిప్రాయంలో పేరడీకారుడి పనితనం ప్రాసల కంటే ఇక్కడే ఎక్కువ తెలుస్తుంది.

మరి పొడుగు పాటలు అసలు కుదరవా అంటే, కుదురుతాయి, కానీ అప్పుడు పొడుగే జోకవ్వాలి. అదే 1999 ఆల్బమ్‌లో చివరి పాట 'ఆల్బకర్కీ' 11 నిమిషాల 23 సెకన్లు. ఒక మనిషి సంబంధం లేని కథలన్నీ వరసపెట్టి చెప్పుకుంటూ పోతాడు, ఎప్పుడు ఆపుతాడో తెలియదు, ఆ తెలియకపోవడమే నవ్విస్తుంది. కచేరీల్లో ఆయన మధ్యలో ఎక్కడున్నానో మరచిపోయినట్టు ఆగి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటారు కూడా. ఈ పాట నాకు చాలా ఇష్టం, అయినా ఆల్బమ్ మొదట్లో పెట్టి ఉంటే ఎంతమంది రెండో పాట దాకా వచ్చేవాళ్ళని? చివర్లో పెడితే వినాలనుకున్నవాళ్ళు వింటారు, చాలనుకున్నవాళ్ళు పదకొండు పాటలతో తృప్తిగా లేచిపోతారు. పొడుగు పాటని ఎక్కడ పెట్టాలన్నది కూడా నిడివి నిర్ణయంలో భాగమే.

నిశ్శబ్దంతో కూడా నిడివి పెంచొచ్చు. 1992లో ఆయన ఆల్బమ్ చివరి పాట అయిపోయాక పది నిమిషాలు ఏమీ వినిపించదు, ఆ తర్వాత కొన్ని సెకన్లు ఒక్కసారిగా అరుపులు. ముందు ఏడాది నిర్వానా బృందం ఇలాగే దాచిపెట్టిన పాట మీద వేసిన జోకు అది. సీడీలో చోటు ఖాళీగా ఉంది కాబట్టే సాధ్యమైంది. ట్రాకుల సంఖ్యనే ఆటగా వాడుకున్నది దే మైట్ బి జైంట్స్ అనే జంట. అదే ఏడాది వాళ్ళు నాలుగున్నర నిమిషాల పాట ఒకదాన్ని 21 ట్రాకులుగా ముక్కలు చేసి పెట్టారు, సీడీ ప్లేయర్ షఫుల్‌లో ఉంటే ఆ ముక్కలు మిగతా పాటల మధ్యకి ఎగిరొచ్చి పడేలాగ.

చెవికి సంబంధించిన కారణం చెబుతానన్నాను కదా. ఒకే రకం జోకు మూడుసార్లు వరసగా వస్తే నాలుగోదానికి చెవి మూసుకుపోతుంది, అది ఎంత మంచిదైనా సరే. అందుకే యాంకోవిక్ ఆల్బమ్‌లలో పేరడీ తర్వాత సొంత పాట, మళ్ళీ పేరడీ, ఇలా మారుస్తూ వెళ్ళడం కనబడుతుంది. మధ్యలో ఒక పోల్కా (హుషారైన యూరప్ నాట్యపు బాణీ) ఉంటుంది, ఆ కాలపు హిట్లన్నీ అకార్డియన్ మీద పరుగులు పెట్టిస్తూ. మొదటి ఆల్బమ్‌లో, 1988 నాటి 'ఈవెన్ వర్స్'లో తప్ప మిగతా అన్నిటిలో పోల్కా ఉంది. వినేవాళ్ళ చెవి మళ్ళీ తెరుచుకోవడానికి అది బాగా పనికొస్తుంది. నామటుకు నాకు ఏ కామెడీ ఆల్బమైనా అరగంట దాటాక నవ్వు పల్చబడుతుంది, నలభై నిమిషాలు దాటించాలంటే ఇలాంటి మార్పేదో ఒకటి కావాలి. ఇంకొందరు స్కిట్లతో ఆ పని చేస్తారు. టెనేషియస్ డి అనే కామెడీ రాక్ జంట మొదటి ఆల్బమ్‌ 2001లో 21 ట్రాకులతో వచ్చింది, వాటిలో కొన్ని ఊపిరి తీసుకోవడానికి పెట్టిన మాటల ముక్కలే. స్కిట్‌ని పాట మొదట్లో అతికించకుండా విడి ట్రాకుగా ఉంచడమే మేలు, ఎందుకంటే పాటని పదోసారి వినేవాళ్ళు స్కిట్‌ని పదోసారి వినరు.

లైవ్ రికార్డింగ్‌కి కొలత మళ్ళీ వేరు. 1959లో లేరర్ ఒకే పాటల్ని రెండు రికార్డులుగా తెచ్చారు, ఒకటి స్టూడియోలో, ఇంకోటి ప్రేక్షకుల ముందు. పాటలు అవే, లైవ్ రికార్డు మాత్రం బాగా పొడుగు. ప్రతి పాటకి ముందు ఆయన చెప్పే కబుర్లు, జనం నవ్వడానికి వదిలిన ఖాళీ, అదంతా నిడివిలో చేరింది. స్టూడియోలో ఆ ఖాళీ వదిలితే వెలితిగా ఉంటుంది, లైవ్‌లో వదలకపోతే తర్వాతి మాట నవ్వులో కొట్టుకుపోతుంది.

ఇదంతా ఒకచోట ఎలా కలుస్తుందో చూద్దాం. ఒకావిడ దగ్గర 17 పాటలున్నాయి, మొత్తం 58 నిమిషాలు. ముందు చేయాల్సింది ఒక్కో పాటకీ ఒక చీటీ రాసి, దాని మీద పాట పేరు కాకుండా జోకేమిటో ఒక వాక్యంలో రాయడం. రాస్తుంటేనే తెలుస్తుంది, ఫోను పిచ్చి మీద మూడు పాటలున్నాయని. పేర్లు వేరు, బాణీలు వేరు, నవ్వు ఒక్కటే. వాటిలో బాగా పేలేది ఒకటి ఉంచి రెండు పక్కన పెడితే 15. ఒక పాట ఒక నటుడి వివాదం మీద, ఆల్బమ్ వచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు, దాన్ని ఇప్పుడే సింగిల్‌గా వదిలేస్తే 14. ఇంకో రెండింటిలో ఆలోచన ఒక చరణానికే సరిపోయేది, ఒక్కొక్కటీ నాలుగు నిమిషాలుంది. వాటిని తీసేయక్కర్లేదు, నిమిషంన్నరకి కోస్తే అవే మిగతా పాటల మధ్య మంచి విరామాలవుతాయి. అప్పుడు మిగిలిన పాటలన్నిటినీ వరసగా, ఆపకుండా, ఎప్పుడూ వినని ఇద్దరు ముగ్గురికి వినిపించి, పాటని కాకుండా వాళ్ళ మొహాల్ని చూడాలి. ఫోను వైపు చెయ్యి వెళ్ళిన చోటు రాసుకోవాలి. ఆ చోట ఉన్న పాట తప్పు కాకపోవచ్చు, దానికి ముందు పాటది కావచ్చు, చోట్లు మార్చి చూడాలి. ఇలా చేస్తే 12 మిగులుతాయో 14 మిగులుతాయో ముందే చెప్పలేం, నిడివి మాత్రం నలభై దరిదాపుల్లోకి దానంతటదే దిగుతుంది.

నలభై నిమిషాలు లేకపోతే ఆల్బమ్ కాదా అనే బెంగ కూడా అక్కర్లేదు. ఆన్‌లైన్ స్టోర్లలో మామూలుగా ఏడు ట్రాకులు గానీ అరగంట గానీ ఉంటే ఆల్బమ్, నాలుగు నుంచి ఆరు ట్రాకులు, అరగంట లోపైతే ఈపీ అంటారు. 2008లో ఉత్తమ కామెడీ ఆల్బమ్‌గా గ్రామీ గెలిచింది ఫ్లైట్ ఆఫ్ ది కాంకర్డ్స్ అనే న్యూజిలాండ్ కామెడీ జంట తెచ్చిన ఆరు ట్రాకుల ఈపీ, ఆ ఆరులో ఒకటి పాట కూడా కాదు, స్టేజీ మీద చెప్పుకున్న కబుర్లు. ఇంకో చివర జోనథన్ కూల్టన్ అనే అమెరికన్ గాయకుడు ఉన్నారు. 2005 సెప్టెంబరు నుంచి ఏడాదిపాటు వారానికో పాట చొప్పున 52 పాటలు విడుదల చేసి, తర్వాత వాటిని నాలుగు ఆల్బమ్‌లుగా కట్టారు. ఎన్ని పాటలన్నది అక్కడ క్యాలెండరే తేల్చేసింది.

ఆ క్యాలెండరే చివరికి అన్నిటికంటే బలమైనదని నాకనిపిస్తుంది, ముఖ్యంగా పేరడీల విషయంలో. హిట్ పాట మీద పేరడీ ఆ హిట్ వేడి చల్లారకముందే రావాలి. యాంకోవిక్ ఆల్బమ్‌ల మధ్య ఎడం చూడండి, 1999, 2003, 2006, 2011, 2014. పన్నెండో పాట సిద్ధమయ్యేసరికి మొదటి పాట ముసలిదైపోతోంది. ఆయన 2008లో ఒక ర్యాప్ హిట్ మీద పేరడీని అది చార్టుల్లో ఉండగానే డిజిటల్‌గా వదిలారు, 2009లో దానితోపాటు ఇంకో నాలుగు కలిపి ఈపీగా తెచ్చారు, ఆ అయిదూ మళ్ళీ 2011 ఆల్బమ్‌లో చేరాయి. అప్పటికి అవి కొత్తవి కావని వినేవాళ్ళందరికీ తెలుసు. 2014 ఆల్బమ్‌తో కంపెనీ కాంట్రాక్టు పూర్తయింది, 12 పాటలు పేర్చాల్సిన అవసరమూ పోయింది. అప్పటినుంచి ఆయన మామూలు స్టూడియో ఆల్బమ్ చేయలేదు. 2024 జులైలో ఒక పోల్కా వదిలారు, మధ్యలో గడిచిన పదేళ్ళ హిట్లన్నీ అందులోనే ఉన్నాయి, అయిదు నిమిషాల లోపు, ఒకే ట్రాకు.